ముసురులో నడకకి పలచటి షూ: నీళ్లు ఆపేవి వద్దు, నీళ్లు వదిలేవి కొను

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నిరుడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగావు, ఎప్పట్నుంచో వేధిస్తున్న మడమ నొప్పి ఆ రోజుల్లో తగ్గింది, మాల తీసి పాత స్పోర్ట్స్ షూ ఎక్కించేసరికి చిటికెన వేలు నలిగిపోతోంది, అందుకని పలచటి సోల్ ఉన్న బేర్‌ఫుట్ షూ కొందామనుకుంటున్నావు. విజయనగరం పెద్ద చెరువు గట్టు మీద పొద్దున్న 5 గంటల నడక ఈ ముసురులోనూ ఆగకూడదు, సంక్రాంతి మంచులోనూ ఆగకూడదు, డిసెంబర్లో ఫ్రెండ్స్‌తో మహేంద్రగిరి కూడా ఎక్కాలి. వాటర్‌ప్రూఫ్‌వి కొనాలా, మామూలువి చాలా అన్నావు.

వాటర్‌ప్రూఫ్ వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పెద్ద కథే. నేను డాక్టర్ని కాను, షూ కంపెనీ మనిషినీ కాను, ఆమదాలవలస వైపు పొలాలు కొలిచే సర్వేయర్ని. ఒకప్పుడు గొలుసు, తర్వాత టేపు, ఇప్పుడు జీపీఎస్ మిషను, ఏది పట్టుకున్నా ఇరవై ఆరేళ్లుగా గట్ల మీద నడవడమే నా పని. పలచటి షూకి మారి తొమ్మిదేళ్లయింది. ఈలోగా ఆరు జతలు వాడాను, వాటిలో రెండు పూర్తిగా దండగ, ఒకటి మా బావమరిదికి అంటగట్టాను.

ఆ దండగ జతల్లో ఒకటి వాటర్‌ప్రూఫే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ తర్వాత పదిహేను రోజుల పాటు ఉద్దానంలో హద్దులు తేల్చే పని పడింది. హద్దుకి గుర్తుగా ఉన్న కొబ్బరి చెట్లే పడిపోతే అన్నదమ్ముల మధ్య తగువులు రాక ఏమవుతాయి మరి. అప్పుడే కొత్తగా కొన్న జత అది, షాపు కుర్రాడు నా ఎదురుగా గ్లాసుడు నీళ్లు దాని మీద పోసి లోపల చుక్క కూడా లేదని చూపిస్తే మురిసిపోయి డబ్బులు కట్టేశాను. మొదటి రోజు పొద్దున్నే ఒక బోదె దాటబోతే కాలు జారి పిక్క దాకా దిగిపోయింది. నీళ్లు పైనుంచి షూలోకి వెళ్లాయి. బయటి నీళ్లు లోపలికి రానివ్వని పొర లోపలి నీళ్లని మాత్రం బయటికి ఎందుకు పోనిస్తుంది? ఆ రోజంతా ఒక్కో కాలికి ఒక్కో చెంబు కట్టుకుని నడిచినట్టే ఉంది. సాయంత్రం విప్పి చూస్తే అరికాళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, వేళ్ల సందుల్లో చర్మం నాని ఊడొస్తోంది. షూ ఆరడానికి మూడు రోజులు పట్టింది, కాళ్లు మామూలవడానికి వారం. నాతో వచ్చిన చైన్‌మాన్, అంటే కొలత గొలుసు పట్టే సహాయకుడు, రబ్బరు చెప్పులతో అదే బోదెలో అంతే లోతు దిగాడు, సాయంత్రానికి కాళ్లు కడుక్కుని, పొడి తువ్వాలుతో తుడుచుకుని, అరుగు మీద కూర్చుని టీ తాగుతూ నా అవస్థ చూస్తున్నాడు.

పొర చెడ్డదని కాదు నేననేది. గోర్‌టెక్స్ లాంటి పొర నీటి బొట్టుని ఆపుతుంది, చెమట ఆవిరిని బయటికి పోనిస్తుంది, అది నిజమే. కానీ ఆవిరి బయటికి పోవాలంటే లోపలికన్నా బయట చల్లగా, పొడిగా ఉండాలి. మన ముసురులో బయట గాలే నీళ్లతో నిండి ఉంటుంది, ఇక లోపలి ఆవిరి పోయేదెక్కడికి. పైగా పలచటి షూ అంటే చీలమండ కింద దాకే ఉంటుంది, వాన నీళ్లు ప్యాంటు అంచు నుంచి, సాక్స్ నుంచి దిగుతూనే ఉంటాయి. బాగా చలిదేశాల్లో, చీలమండ పైదాకా ఉండే బూటులో, మంచు మీద నడిచేవాళ్లకి ఆ పొర పనికొస్తుంది. మనకి డిసెంబరు తెల్లవారుజామున ఎంత చలేసినా 16, 17 డిగ్రీలు, నడుస్తున్న కాలు దానికదే వేడెక్కుతుంది. అంచేత కాలు తడుస్తుందని ముందే ఒప్పేసుకో. తడిసిన నీళ్లు ఎంత త్వరగా బయటికి పోతాయి, షూ ఎంత త్వరగా ఆరుతుంది, తడి నేల మీద ఎంత పట్టు ఉంటుంది, చూడాల్సింది అదీ.

ఇక పలచటి షూ అంటే ఏమిటో తేల్చుకుందాం, ఎందుకంటే ఈ మధ్య ఆన్‌లైన్లో ప్రతి వాడూ బేర్‌ఫుట్ అని రాసి అమ్మేస్తున్నాడు. 2015లో 11 దేశాల నిపుణులు 42 మంది కలిసి ఒక నిర్వచనం ఖాయం చేశారు. దాని సారం ఇంతే: బాగా వంగాలి, మడమకీ ముందు భాగానికీ ఎత్తులో తేడా చాలా తక్కువ ఉండాలి, బరువు తక్కువ, సోల్ మందం తక్కువ, పాదాన్ని అటూ ఇటూ కదలనివ్వకుండా పట్టి ఉంచే బిగింపులు ఏవీ ఉండకూడదు. మామూలు రన్నింగ్ షూలో మడమ 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది, ఇందులో సున్నా లేదా దాదాపు సున్నా. వివోబేర్‌ఫుట్, జీరో షూస్, మెరెల్ వాళ్ల వేపర్ గ్లవ్, వేళ్లకి విడివిడిగా తొడుగులుండే వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్, ఇవన్నీ ఆ కోవలోవే. ఆల్ట్రా వాళ్లవి కూడా చాలావరకు సున్నా ఎత్తే, వేళ్ల దగ్గర వెడల్పే, కానీ వాళ్ల షూలు ఎక్కువ భాగం మెత్త దండిగా ఉన్నవి, అవి పలచటివి అనలేం, మధ్య మెట్టు అనుకోవచ్చు.

షాపులో అయినా పార్సిల్ విప్పాక అయినా నేను ముందు చేసేది షూని బొటనవేలు, చూపుడువేలుతో చివర్లు పట్టుకుని చాప చుట్టినట్టు చుట్టడం. తర్వాత తడిబట్ట పిండినట్టు మెలిపెట్టడం. రెండూ అయితే పలచటిదే. చుట్టుకోకుండా మధ్యలో ఒక్క చోటే టక్కున మడత పడిందంటే లోపల గట్టి అట్ట ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, సైజు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. మా నాన్న నలభై ఏళ్లు చెప్పుల్లేకుండా పొలం పని చేసిన మనిషి. ఒకసారి సరదాకి ఆయన్ని తెల్ల కాగితం మీద నిలబెట్టి పెన్సిలుతో పాదం చుట్టూ గీశాను, పక్కనే నాది గీశాను. ఆయన పాదం వేళ్ల దగ్గరే అన్నిటికంటే వెడల్పు, విసనకర్రలా విచ్చుకుని ఉంది, బొటనవేలు తిన్నగా ముందుకి చూస్తోంది. నా పాదం వేళ్ల దగ్గర కోసుగా తిరిగింది, బొటనవేలు పక్కవేలి మీదకి వాలింది, అంటే ముప్పై ఏళ్లు వేసుకున్న షూ ఆకారమే పాదానికి వచ్చేసింది. నీ చిటికెన వేలు నలగడానికి కారణం అదే, 41 రోజుల్లో నీ వేళ్లు కాస్త విచ్చుకున్నాయి, పాత షూ మాత్రం అలాగే ఉంది.

కాబట్టి నువ్వూ గీసుకో. సాయంత్రం పూట గీయాలి, పొద్దుటికన్నా అప్పుడు పాదం ఉబ్బి ఉంటుంది. కూర్చుని కాదు, రెండు కాళ్ల మీదా బరువు సమానంగా వేసి నిలబడి, ఇంకెవరిచేతైనా గీయించుకో. పెన్సిలు నిటారుగా ఉండాలి, లోపలికి వంగితే అర సెంటీమీటరు తేడా వస్తుంది. ముసురులో వేసుకునే సాక్స్ తొడుక్కునే గీయించు. రెండు పాదాల్లో పెద్దదాని కొలత తీసుకుని, పొడవైన వేలి ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్లు కలుపు. ఆ పొడవూ, వేళ్ల దగ్గరి వెడల్పూ రెండూ సరిపోవాలి, కంపెనీ సైజు నంబర్‌ని నమ్మకు. షూ చేతికొచ్చాక లోపలి అట్ట బయటికి లాగి దాని మీద నిలబడు. ఒక్క వేలు అంచు దాటి బయటికి వచ్చినా ఆ జత వెనక్కి పంపెయ్యి, వాడగా వాడగా సాగుతుందిలే అని ఎవరన్నా వినకు. తడిసిన సాక్స్ ఉబ్బుతాయి, తడిసిన చర్మం మెత్తబడుతుంది, పొడిగా ఉన్నప్పుడు కాస్త ఇరుకు అనిపించినది తడిలో పుండు చేస్తుంది. మడమ దగ్గర మాత్రం వదులు పనికిరాదు, బురదలో షూ అక్కడే ఉండిపోయి కాలొక్కటే బయటికొస్తుంది. నాకు రెండుసార్లు అయింది.

పై బట్ట సంగతి. సన్నటి నైలాన్ జల్లెడలా ఉన్నది తీసుకో, చేతిని లోపల పెట్టి వెలుగుకి పడితే వేళ్లు లీలగా కనిపించాలి. అల్లికలాంటి మందపాటి బట్ట స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, చూడ్డానికి బావుంటుంది గానీ మన వాతావరణానికి కాదు. చీలమండ చుట్టూ ఉండే మెత్త భాగాన్ని నొక్కి చూడు, అది మందంగా ఉంటే షూ మిగతా భాగం ఆరినా అది ఆరదు, వాసన మొదలయ్యేది అక్కడినుంచే. తోలు బావుంటుంది కానీ నూనె రాయాలి, నీడన ఆరబెట్టాలి, మొత్తానికి దాన్ని పెంచి పోషించాలి. మన స్కూలు రోజుల తెల్ల కాన్వాస్ పీటీ షూ గుర్తుందా, అడుగు చదునుగా, పలచగా, వంగేలా ఉంటుంది, నిజానికి బేర్‌ఫుట్ షూకి దగ్గర చుట్టం. కానీ కాన్వాస్ నూలుబట్ట, ఒకసారి తడిస్తే బరువెక్కి రెండు రోజులు ఆరదు, పైగా ముందు కోసుగా ఉంటుంది. ఎండాకాలానికి పరవాలేదు.

పట్టు గురించి కొంచెం ఓపిగ్గా చదువు, కింద పడ్డవాడి మాట ఇది. పట్టుకి రెండు కారణాలు, ఒకటి రబ్బరు మెత్తదనం, రెండోది అడుగున గంట్లు. తడిసిన నున్నటి నేల, అంటే అపార్ట్‌మెంట్ టైల్స్, గుడి ముందు గ్రానైట్, రోడ్డు మీద తెల్ల పెయింటు గీతలు, ఇక్కడ గంట్లు ఎంత లోతుంటే ఏం, రబ్బరు మెత్తగా ఉండి నేలకి అతుక్కోవాలి. షాపులో బొటనవేలి గోరు సోల్ మీద గట్టిగా నొక్కు, చిన్న గుంట పడి మళ్లీ మెల్లగా పైకి లేస్తే మంచి రబ్బరు. గోరు జారిపోయి గుంటే పడకపోతే అది ఎన్నాళ్లైనా అరగదు, తడిలో మాత్రం సబ్బు మీద నడిచినట్టే. మెత్తది త్వరగా అరుగుతుంది, అది భరించు. నాకు మెత్త రబ్బరు జత ఏడెనిమిది నెలలు వస్తుంది, అదీ రోజూ తిరిగితే.

మట్టిలోకి వస్తే గంట్లు కావాలి. చెరువు గట్టుకి రెండు మూడు మిల్లీమీటర్లు చాలు, పొలం గట్లకీ కొండకీ నాలుగు. లోతుకన్నా గంట్ల వెడల్పు ముఖ్యం. మన పల్లపు పొలాల్లో బంక మట్టి ఇరుకు గంట్లలో ఇరుక్కుని పది అడుగుల్లో సోల్ మొత్తం నున్నటి మట్టి దిమ్మ అయిపోతుంది. గంట్లు వెడల్పుగా ఉంటే కాలు విదిలిస్తే రాలిపోతుంది. ఇక పాచి. నాగావళి రేవు మెట్ల మీద కార్తీక స్నానాల రోజుల్లో చూడు, పచ్చటి పాచి. దాని మీద నిలిచే నడక షూ నేనింతవరకు చూడలేదు. పాచి కనపడితే పక్కనుంచి వెళ్లడమే, లేదా అడుగు చిన్నది చేసి పాదం మొత్తం ఒకేసారి ఆన్చి నడవడం. పెద్ద అంగ వేసి మడమ ముందు పెట్టావా, వీపు మీద పడతావు. పలచటి షూలో ఒక లాభం, జారడం మొదలవగానే అరికాలికి తెలిసిపోతుంది, మందపాటి సోల్లో మోకాలికి దెబ్బ తగిలాక తెలుస్తుంది.

చలికి మందు షూలో లేదు, సాక్స్‌లో ఉంది. నీళ్లు వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి, పలచటి సోల్ కాబట్టి తడి నేల చల్లదనం కూడా నేరుగా ఎక్కుతుంది. నూలు సాక్స్ తడిస్తే చల్లటి గుడ్డ చుట్టుకున్నట్టే. మెరినో ఉన్ని సాక్స్ ఒక్క జత కొనుక్కో, ఉన్ని అంటే గుచ్చుకునే దుప్పటి అనుకోకు, మెత్తగా పలచగా ఉంటుంది, తన బరువులో మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడి అనిపించదు. ఖరీదు ఎక్కువ అనిపిస్తే పాలిస్టర్, నైలాన్ కలిపినవి, అవి వెచ్చదనం ఇవ్వవు గానీ త్వరగా ఆరతాయి. వేళ్ల సందులు ఒరుసుకునే అలవాటుంటే అయిదు వేళ్ల సాక్స్ మంచివి. బాగా చలి ఊరు వెళ్లినప్పుడు లోపల పలచటి ఫెల్ట్ అట్ట ఒకటి వేసుకుంటే నేల చలి తగ్గుతుంది, షూలో దానికీ కాస్త చోటు ఉండేలా చూసుకో.

డబ్బు మాట. దిగుమతి కంపెనీలవి చాలావరకు మన డబ్బుల్లో పదివేలు దాటతాయి. మొదటిసారే అంత పెట్టకు. విశాఖ వెళ్లినప్పుడు ఏదైనా పెద్ద స్పోర్ట్స్ షాపులో బీచ్‌లో వేసుకునే నీటి షూ ఉంటుంది చూడు, జల్లెడ బట్ట, పలచటి రబ్బరు అడుగు, వందల్లోనే వస్తుంది. నీళ్లు వచ్చి వెళ్లిపోతాయి, అరగంటలో సగం ఆరిపోతుంది. దాంతో నెల రోజులు నడిచి, ఈ పలచదనం నీకు పడుతుందో లేదో తెలుసుకున్నాక అసలుది కొను. రోజూ గంటకి పైగా వాడితే పిగిలిపోతుంది, అయినా పరీక్షకి అంతకన్నా చవక దారి లేదు.

పలచదనం నీకు పడుతుందో లేదో అన్నాను కదా, అది తేలిగ్గా తీసుకోకు. 2013లో అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 36 మంది రన్నర్లని తీసుకుని, వాళ్లలో కొందరిని పది వారాల పాటు నెమ్మదిగా అయిదు వేళ్ల షూకి మార్చి, ముందూ తర్వాతా ఎమ్మారై తీశారు. మారినవాళ్లలో సగానికి పైగా మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగింది. వాళ్లు పరిగెత్తారు, నువ్వు నడుస్తున్నావు, అయినా ఎముక ఎముకే. ఆ అయిదు వేళ్ల షూ చేసే వైబ్రమ్ కంపెనీ ఆరోగ్య లాభాల గురించి చేసిన ప్రచారం మీద అక్కడ కేసు పడితే, తప్పు ఒప్పుకోకుండానే 2014లో 37.5 లక్షల డాలర్లకి రాజీపడింది. కాబట్టి ఇవి వేసుకుంటే ఫలానా నొప్పి పోతుంది అని నేనూ చెప్పను, నీ మడమ నొప్పి మళ్లీ వస్తే డాక్టర్‌కి చూపించు. నువ్వు మాలలో నడిచినా అది నిరుటి మాట, ఇప్పుడు పిక్కలు మళ్లీ పాత అలవాటులో ఉన్నాయి. మొదటి వారం రోజుకి పది పదిహేను నిమిషాలు, మిగతా నడక పాత షూతో. వారానికి అయిదారు నిమిషాలు పెంచు. పిక్క పట్టేయడం మామూలే, రెండు రోజుల్లో పోతుంది. పాదం పైభాగంలో ఒకే చోట వేలుపెట్టి నొక్కితే నొప్పి ఉందా, వెంటనే ఆపెయ్యి.

ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉండి అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే నిన్ను చూసి వాళ్లు ఇవి కొనకుండా చూడు. ముల్లు దిగినా తెలియని కాలికి పలచటి సోల్ ప్రమాదం. ముల్లు అంటే గుర్తొచ్చింది, తుమ్మ ముల్లు ఈ సోల్‌ని సూదిలా దాటేస్తుంది, తుమ్మ కొమ్మలు నరికేసిన చోట నేల చూసి నడువు. కాలికి పుండు గానీ గీత గానీ ఉన్నప్పుడు వరద నీళ్లలో, పొలం నీళ్లలో దిగకు, ఎలుక జ్వరం వచ్చే దారి అదే. ఇంటికి రాగానే సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడుచుకోవడం నాకు స్నానంలాగే అలవాటైపోయింది.

తడిసిన షూ ఆరబెట్టడం చాలామందికి తెలీదు. లోపలి అట్టలు తీసి విడిగా పెట్టు, లేసులు సగం వదులు చెయ్యి, పాత న్యూస్ పేపరు ఉండలు చేసి ముందు కొస దాకా కుక్కు. గంట తర్వాత ఆ తడి పేపరు తీసి కొత్తది. ఫ్యాను కింద పెడితే పొద్దుటికి ఆరతాయి. పొయ్యి పక్కన పెట్టకు, మిట్ట మధ్యాహ్నపు ఎండలో వదిలేయకు, పలచటి సోల్ జిగురు మీదే ఆధారపడి ఉంటుంది, వేడికి అది వదిలిందా, ముందు కొస నోరు తెరుస్తుంది. కొనేటప్పుడే అక్కడ బొటనవేలితో లాగి చూడు, చుట్టూ కుట్టు కూడా ఉన్న జత దొరికితే ఇంకా మంచిది. ముసురు వారం పట్టేస్తే రెండు జతలు మార్చి మార్చి వేసుకోవడమే, వేరే దారి లేదు.

మహేంద్రగిరి సంగతి వేరే చెప్పాలి. గజపతి జిల్లాలో ఉంది, ఒడిశా కొండ, ఎత్తు 1501 మీటర్లు. డిసెంబర్లో పైన మంచు పట్టేస్తే భీముడి గుడి, కుంతి గుడి దగ్గర రాళ్లన్నీ తడిసి ఉంటాయి, గాలికి చలి గట్టిగానే ఉంటుంది, నడక ఆపి నిలబడ్డ క్షణం నుంచి కాళ్లు చల్లబడతాయి. నువ్వు ఇవాళ మొదలుపెడితే డిసెంబరుకి పాదాలు ఆ కొండకి పూర్తిగా తయారవ్వవు. అందుకని ఎక్కేటప్పుడు పలచటివి వేసుకున్నా, నీ పాత షూ సంచిలో పెట్టుకో, దిగేటప్పుడు అవి తొడుక్కో. దిగుడులోనే పాదం ముందు భాగం మీద బరువు పడుతుంది, అలిసిపోయిన పిక్కలు అప్పుడే మొరాయిస్తాయి. ఒక జత ఉన్ని సాక్స్ ప్లాస్టిక్ కవర్లో ముడేసి సంచి అడుగున పెట్టు, పైకి చేరాక గుడి వెనక గాలి తగలని చోటు చూసి, కాళ్లు తుడుచుకుని అవి వేసుకున్నాకే పులిహోర పొట్లం విప్పు.